స్మియర్ 2+, సీబీనాట్ నెగటివ్, ఎంపీటీ64 నెగటివ్: ఈ ఎన్‌టీఎం (టీబీ కాని మైకోబాక్టీరియం) ఏ జాతో ఎట్లా తేల్చాలి?

కర్నూలు_కల్చర్

అందరికీ నమస్తే. ఒక ఐసోలేట్ (పేషెంటు శాంపిల్ నుంచి పెంచిన క్రిమి) దగ్గర ఆగిపోయినాం, దారి చెప్పండి.

పేషెంట్ 58 ఏళ్ల మగమనిషి. తాడిపత్రి వైపు గ్రానైట్ పాలిషింగ్‌లో చాలా ఏళ్లు పనిచేసినాడు. గతంలో ఒకసారి టీబీ కోర్సు పూర్తి చేసినాడు. కుడి పై లోబ్‌లో కేవిటీ, చుట్టూ పాత మచ్చలు. కఫం స్మియర్ (మైక్రోస్కోపు కింద చూసే స్లైడు) 2+. సీబీనాట్ (టీబీ డీఎన్‌ఏ వెతికే కార్ట్రిడ్జ్ టెస్టు) మాత్రం నెగటివ్. ఇన్‌వాలిడ్ కాదు, ఎర్రర్ కాదు. రెండో కార్ట్రిడ్జ్ కూడా అంతే. ఎంజీఐటీ (లిక్విడ్ కల్చర్) 11వ రోజు పాజిటివ్ అని ఫ్లాగ్ అయింది. జీల్-నీల్సన్ రంగులో పొట్టి పొట్టి ఎర్ర కడ్డీలు, కార్డింగ్ (టీబీలో కనిపించే తాడులాంటి పేనిక) లేదు. ఎంపీటీ64 (టీబీ ప్రోటీన్‌ను పట్టే టెస్టు) కార్డులో 15 నిమిషాలకు కంట్రోల్ గీత ఒక్కటే.

ఎల్‌జే (గుడ్డుతో చేసే గట్టి మీడియా) మీద మూడో వారానికి నున్నటి కాలనీలు, లేత పసుపు. పీఎన్‌బీ (టీబీని పెరగనివ్వని రసాయనం) కలిపిన ఎల్‌జేలోనూ పెరిగింది. జీనోటైప్ సీఎం స్ట్రిప్‌లో (డీఎన్‌ఏను బట్టి జాతి చూపే పట్టీ) సీసీ, యూసీ, జీసీ అనే కంట్రోల్ గీతలు ఉన్నాయి, జాతి గీత ఒక్కటీ పడలేదు. బయట మాల్డీ-టాఫ్ (ప్రోటీన్లను బట్టి జాతి చెప్పే మిషన్) పెట్టిస్తే 1.62 స్కోరుతో మొదట సిమియే, దాని కింద లెంటిఫ్లేవం.

అడగాల్సినవి: ఈ స్కోరుతో సిమియే అని రిపోర్టు ఇవ్వొచ్చా? ఇవ్వకూడదంటే తక్కువ ఖర్చులో తర్వాతి అడుగు ఏది? నయాసిన్ స్ట్రిప్ పాజిటివ్ వచ్చింది, అందుకని మా దగ్గర ఒకాయన "ఇది టీబీనే, ఎంపీటీ64 ఫెయిలైంది" అంటున్నాడు. అట్లా జరిగే వీలుందా?

అనంత_బెంచ్

అన్నా, 1.62తో పేరు రాయొద్దు. ఆ నంబరు గురించి మాల్డీ తెలిసినవాళ్లు చెప్తారు, నేను బెంచ్ మీద తేలేవి చెప్తా.

ముందు నయాసిన్ సంగతి. నయాసిన్ పాజిటివ్ అంటే టీబీ అని పాత పుస్తకాల్లో చదివినవాళ్లకు అలవాటు. కానీ సిమియే కూడా నయాసిన్ పాజిటివ్ ఇస్తుంది, కీలోనేలో కొన్ని స్ట్రెయిన్లు కూడా. ఎంపీటీ64 నెగటివ్ వచ్చే టీబీ స్ట్రెయిన్లు లేకపోలేదు, జీన్‌లో మ్యుటేషన్ ఉన్నవి అరుదుగా కనిపిస్తాయి. కొన్ని బీసీజీ స్ట్రెయిన్లూ నెగటివే. కల్చర్‌లో బ్యాక్టీరియా తక్కువుంటే కూడా గీత పడదు. అయితే మీ కేసులో 2+ స్మియర్‌కు సీబీనాట్ రెండుసార్లు నెగటివ్, పైగా పీఎన్‌బీలో పెరిగింది, సీఎం స్ట్రిప్‌లో టీబీ గీత లేదు. ఎంపీటీ64తో కలిపి నాలుగూ ఒకే మాట చెప్తున్నప్పుడు ఒక్క నయాసిన్‌ను పట్టుకుని వేలాడకూడదు.

పీఎన్‌బీ మీద ఒక హెచ్చరిక: మిల్లీలీటరుకు 500 మైక్రోగ్రాముల ట్యూబులో ఇనాక్యులం ఎక్కువ వేస్తే టీబీ కూడా పలచగా కనిపించి మోసం చేస్తుంది. పక్కన మామూలు ఎల్‌జే కంట్రోల్ ట్యూబుతో పోల్చకుండా చదవొద్దు. అటువైపు కాన్సాసైలో కొన్ని స్ట్రెయిన్లు పీఎన్‌బీలో పెరగవు, వాటిని చూసి టీబీ అనుకుంటారు.

ఇప్పుడు అసలు పని. మీ పోస్టులో ఒకటి కనపడలేదు: కల్చర్ స్వచ్ఛంగా ఉందని ఎట్లా తేల్చుకున్నారు? ఎంజీఐటీ పాజిటివ్ ట్యూబు నుంచి బ్లడ్ అగర్ మీద ఒక చుక్క వేసి 37 డిగ్రీల్లో 48 గంటలు చూసినారా? అక్కడ ఏమీ రాకపోయినా, రెండు రకాల మైకోబాక్టీరియా కలిసి ఉండొచ్చు. ఎల్‌జే ఆకుపచ్చ మీద ఆ తేడా కంటికి ఆనదు. మిడిల్‌బ్రూక్ 7హెచ్11 ప్లేటు మీద పలచగా గీసి, పాలిథిన్ సంచిలో సీల్ చేసి పెట్టండి. ప్లేటు పారదర్శకం కాబట్టి మైక్రోస్కోపు 10ఎక్స్ కింద మూత తీయకుండానే కాలనీ అంచులు చూడొచ్చు. ఒక్క కాలనీని ఎత్తి మళ్లీ గీసిన తర్వాతే మిగతా టెస్టులు. గలీజు కల్చర్‌కు ఎంత ఖరీదైన మిషన్ పెట్టినా గలీజు పేరే వస్తుంది.

స్వచ్ఛమైన కాలనీతో 0.5 మెక్‌ఫార్లాండ్ (మసక కొలత) సస్పెన్షన్ చేసి, దాన్ని విడివిడి కాలనీలు వచ్చేంత పలచన చేసి, మూడు సెట్లు వేయండి: 30, 37, 42 డిగ్రీలు. 3, 5, 7 రోజులకు, తర్వాత వారానికోసారి చూడండి. విడివిడి కాలనీలు 7 రోజుల్లోపే వస్తే రాపిడ్ గ్రోయర్, ఆపైన అయితే స్లో గ్రోయర్. పలచన చేయకుండా దట్టంగా పూస్తే స్లో గ్రోయర్ కూడా అయిదో రోజుకే పొరలాగా కనిపిస్తుంది, రన్యన్ గ్రూపే (పెరిగే వేగం, రంగును బట్టి చేసే విభజన) తప్పుతుంది. ఎంజీఐటీ 11 రోజులు అన్నది లెక్కలోకి రాదు, అది లిక్విడ్.

రంగు పరీక్షకు రెండు ట్యూబులు అల్యూమినియం ఫాయిల్‌లో చుట్టి పెంచాలి. కాలనీలు లేతగా ఉన్నప్పుడే ఒకదాని ఫాయిల్ తీసి, మూత కొంచెం వదులు చేసి (ఆక్సిజన్ అందకపోతే రంగు రాదు), 60 వాట్ల బల్బుకు 20-25 సెంటీమీటర్ల దూరంలో గంటసేపు పెట్టి, మళ్లీ చుట్టి ఇంక్యుబేటర్లో ఉంచి మరుసటి రోజు రెండూ పక్కపక్కన చూడండి. మీరు చెప్పిన "లేత పసుపు" ట్యూబ్‌లైటు కింద ర్యాకులో ఉన్న ట్యూబుదైతే దానికి విలువ లేదు. చీకట్లోనే పసుపు వస్తే స్కోటోక్రోమోజెన్: లెంటిఫ్లేవం, గోర్డోనే, స్క్రోఫులేసియం వైపు. వెలుతురు తగిలితేనే వస్తే ఫోటోక్రోమోజెన్: కాన్సాసై, సిమియే, మరైనం వైపు. సిమియే మొండిది, గంట వెలుతురుకు రంగు రాకపోవచ్చు. రాకుంటే ఇంకొక ట్యూబును ఎక్కువసేపు వెలుతురులో పెట్టి చూడాలి.

జుల్గై అయితే 37 డిగ్రీల్లో స్కోటోక్రోమోజెన్, 25 డిగ్రీల్లో ఫోటోక్రోమోజెన్. మే నెలలో కర్నూలు, అనంతపురం ల్యాబుల్లో "రూమ్ టెంపరేచర్" అని రాసుకుంటే అది 25 కాదు, 35. ఆ పరీక్షకు బీఓడీ ఇంక్యుబేటర్ ఉండాల్సిందే. 

గుత్తి_స్లైడ్

స్మియర్ గురించి ఒక చిన్న మాట. స్లైడ్లు కడిగే నీళ్లు ట్యాంకు కొళాయివి అయితే ఆ నీళ్లలోని మైకోబాక్టీరియా స్లైడుకు అంటుకుంటాయి. ఒకే బ్యాచ్‌లో అన్ని స్లైడ్లలోనూ ఫీల్డుకు ఒకటీ అరా కనిపిస్తున్నాయంటే ముందు నీళ్లను అనుమానించండి. డిస్టిల్డ్ వాటర్ వాడండి, ఖాళీ స్లైడు ఒకటి కూడా రంగు వేసి చూడండి. 2+ అంత ఎక్కువ నీళ్ల వల్ల రావడం కష్టమే గానీ చూసి పెట్టుకోవడం మంచిది.

హెచ్‌ఎస్‌పీ_కడప

బెంచ్ అన్న చెప్పింది సరైనదే. దాని మీద మాలిక్యులర్ సంగతులు కలుపుతున్నా.

సీఎం స్ట్రిప్ ఫెయిల్ కాలేదు. సీసీ, యూసీ, జీసీ మూడూ పడి జాతి గీత లేదంటే "మైకోబాక్టీరియమే, కానీ ఈ స్ట్రిప్‌లో లేని జాతి" అని అర్థం. సీఎంలో ఏవియం, ఇంట్రాసెల్యులారే, కాన్సాసై, అబ్సెస్సస్, ఫోర్ట్యూయిటం, గోర్డోనే, జెనోపై, మాల్మోయెన్సే లాంటివి ఉంటాయి, సిమియే ఉండదు. సిమియే, లెంటిఫ్లేవం రెండూ ఏఎస్ స్ట్రిప్‌లో ఉన్నాయి. ఒకవేళ యూసీ పడి జీసీ పడకపోతే అసలు మైకోబాక్టీరియమే కాకపోవచ్చు. నొకార్డియా, సుకమురెల్లా, రోడోకాకస్ కూడా ఎంజీఐటీలో పెరుగుతాయి, 25 శాతం సల్ఫ్యూరిక్ ఆసిడ్‌కు పూర్తిగా నిలవకపోయినా అక్కడక్కడా ఎర్రగా మిగులుతాయి, ఎంపీటీ64 ఎటూ నెగటివే. ఆ మూడింటినీ "ఎన్‌టీఎం" అని రిపోర్టు చేయడం నేను చూసే తప్పుల్లో మొదటి వరుసలోది.

ఇంకో అలవాటు మానుకోవాలి. టీబీ మందుల ఎల్‌పీఏ స్ట్రిప్‌లో (మందులకు రెసిస్టెన్స్ చూపే పట్టీ) టీయూబీ అనే టీబీ గీత లేకపోతే అక్కడితో ఆపేయాలి. కింద ఆర్‌పీఓబీ (రిఫాంపిసిన్‌కు సంబంధించిన జీన్) వైల్డ్ గీతలు కొన్ని మసకగా పడి కొన్ని పడవు. దాన్ని రిఫాంపిసిన్ రెసిస్టెన్స్ అని చదివితే ఎన్‌టీఎం పేషెంటుకు ఎండీఆర్ (మందులకు లొంగని టీబీ) మందులు పడతాయి.

మాల్డీకి వద్దాం. కంపెనీ మామూలు బ్యాక్టీరియాకు 2.0 అడుగుతుంది, మైకోబాక్టీరియాకు 1.8 దాటితే చాలా ల్యాబులు ఒప్పుకుంటాయి. 1.62 అంటే మిషన్ ఊహిస్తోందంతే. స్కోరు ఇంత తక్కువ రావడానికి నూటికి తొంభై పాళ్లు ఎక్స్‌ట్రాక్షనే కారణం, జాతి కాదు. వాళ్లకు ఎల్‌జే నుంచి గీకి పంపి ఉంటే గుడ్డు ప్రోటీన్ కూడా పోయి ఉంటుంది. 7హెచ్11 మీది లేత కాలనీలు పంపండి. ఎక్స్‌ట్రాక్షన్ ఇట్లా:

ఒక లూప్ నిండా కాలనీలు 300 మైక్రోలీటర్ల నీళ్లలో కలిపి 95 డిగ్రీల్లో 30 నిమిషాలు. ఇది బయోసేఫ్టీ క్యాబినెట్ లోపలే చేయాలి, టీబీ కాదని పూర్తిగా తేలేదాకా ఈ కల్చర్‌ను టీబీ లాగానే చూడాలి. చల్లారినాక 900 మైక్రోలీటర్ల ఇథనాల్, వోర్టెక్స్, 13,000 ఆర్‌పీఎం మీద 2 నిమిషాలు. పైది పారబోసి మళ్లీ ఒకసారి తిప్పి, అడుగున మిగిలిన ఇథనాల్ పైపెట్‌తో తీసేసి ఆరనివ్వాలి. ఇక్కడ తొందరపడితే ఇథనాల్ మిగిలి క్రిస్టల్ సరిగా కట్టదు. తర్వాత 0.5 మిల్లీమీటర్ల సిలికా బీడ్లు, 20 నుంచి 50 మైక్రోలీటర్ల అసిటోనైట్రిల్ వేసి నిమిషంపాటు గట్టిగా వోర్టెక్స్, అంతే కొలత 70 శాతం ఫార్మిక్ ఆసిడ్, మళ్లీ తిప్పి, పైన తేలిన ద్రవం 1 మైక్రోలీటర్ స్పాట్. ఆరినాక మ్యాట్రిక్స్ 1 మైక్రోలీటర్. పెల్లెట్ చిన్నదైతే ద్రావకం తగ్గించండి. కంటికి ఆనీ ఆనని పెల్లెట్‌కు 50 పోసి స్కోరు రాలేదని ఏడ్చేవాళ్లే ఎక్కువ. మైకోలిక్ ఆసిడ్ గోడ బీడ్లు లేకుండా పగలదు, ఆ మెట్టు వదిలేయకూడదు.

స్కోరు 1.9 వచ్చినా కొన్ని చోట్ల మిషన్ మాట చివరి మాట కాదు. ఇంట్రాసెల్యులారే, కైమేరా మామూలు పద్ధతిలో విడిపోవు. అబ్సెస్సస్‌లో మూడు సబ్‌స్పీసీస్ నమ్మకంగా తేలవు. సిమియే, షెర్రిసై రెండూ దగ్గర బంధువులు.

సీక్వెన్సింగ్ అంటే అందరూ 16ఎస్ (బ్యాక్టీరియా అన్నిటిలో ఉండే జీన్) అంటారు. అదొక్కటే చాలదు. కాన్సాసై, గాస్ట్రీలకు 16ఎస్ ఒకటే. కీలోనే, అబ్సెస్సస్‌లకు మొదటి 500 బేసుల్లో తేడానే లేదు. కాబట్టి 16ఎస్‌తో పాటు హెచ్‌ఎస్‌పీ65 జీన్ గానీ ఆర్‌పీఓబీ గానీ అడగండి. హెచ్‌ఎస్‌పీ65కు టీబీ11, టీబీ12 ప్రైమర్లు, 441 బేసుల ముక్క, అనీలింగ్ 60 డిగ్రీలు. సీక్వెన్సింగ్ ఖర్చు పెట్టలేకపోతే అదే ముక్కను బీఎస్‌టీఈ2, హెచ్‌ఏఈ3 ఎంజైములతో కోసి 3 శాతం అగరోస్ మీద చూసే పాత పద్ధతి ఉంది. 60 బేసుల లోపు గీతలు లెక్కపెట్టొద్దు, అవి ప్రైమర్ మిగులు కావొచ్చు. నాకు ఆ పద్ధతి మీద పెద్ద ప్రేమ లేదు. 5 బేసుల తేడాను జెల్ మీద కంటితో చదివే పని అది. కానీ ముగ్గురు అనుమానితుల్లో ఇద్దరిని తీసేయడానికి పనికొస్తుంది.

రిపోర్టు వచ్చినాక క్రోమాటోగ్రామ్ తెరిచి చూడండి. ఒకేచోట రెండు శిఖరాలు వరుసగా కనిపిస్తే కల్చర్‌లో ఇద్దరున్నట్టు, వెనక్కి 7హెచ్11 ప్లేటు దగ్గరికి పోవాల్సిందే. డేటాబేస్‌లో పైన వచ్చిన పేరు కాదు, టైప్ స్ట్రెయిన్‌తో పోలిక చూడండి. ఎవరో తప్పు పేరుతో ఎక్కించిన సీక్వెన్సులు అందులో బోలెడు. 2018లో జీనస్‌ను అయిదుగా చీల్చినాక అబ్సెస్సస్ ఒకచోట మైకోబాక్టీరాయిడిస్ అని, ఇంకోచోట మైకోబాక్టీరియం అని కనిపిస్తుంది. బెదిరిపోవద్దు, ఒకే జీవి. డాక్టర్లకు పాత పేరుతోనే ఇవ్వండి.

కర్నూలు_కల్చర్

చాలా థ్యాంక్స్ అన్నలూ. బ్లడ్ అగర్ వేసినాం, ఏమీ రాలేదు. 7హెచ్11 మీద గీయలేదు, అది ఇప్పుడు మొదలుపెడతాం. పసుపు రంగు చూసింది మామూలు ర్యాకులోని ట్యూబులోనే. ఏఎస్ స్ట్రిప్ మా దగ్గర లేదు. ఇంతలో డాక్టరు గారికి ఏమని చెప్పాలి? మందులు ఎప్పుడు మొదలుపెట్టాలని రోజూ అడుగుతున్నారు.

ఛాతీ_డాక్టర్_అనంతపురం

ఇప్పటికి "ఎన్‌టీఎం పెరిగింది, జాతి నిర్ధారణ జరుగుతోంది, ఇంకో శాంపిల్ పంపండి" అని రాసివ్వండి. అది పూర్తి రిపోర్టే, తక్కువేం కాదు.

ఒక్క కఫం కల్చర్‌తో ఎన్‌టీఎం జబ్బు అని ముద్ర వేయకూడదు. 2007 అమెరికన్ మార్గదర్శకాలు, 2020లో నాలుగు సంఘాలు కలిసి ఇచ్చినవి, రెండూ చెప్పేది ఒకటే: లక్షణాలు ఉండాలి, సీటీలో కేవిటీ గానీ నాడ్యూల్స్‌తో బ్రాంకియెక్టాసిస్ గానీ ఉండాలి, వేరే కారణం లేదని తేలాలి. దాంతోపాటు వేర్వేరు కఫం శాంపిల్స్‌లో కనీసం రెండు కల్చర్లు, అదీ ఒకే జాతి. లేదా ఒక బ్రాంకియల్ వాష్ కల్చర్. లేదా బయాప్సీ, దానికి తోడు ఒక కల్చర్. రెండు కఫాల్లో ఎన్‌టీఎం వచ్చి జాతులు వేరయితే అది లెక్కకు రాదు. మీ జాతి నిర్ధారణ విలువ అక్కడే ఉంది, పేరు తెలియకుండా రెండు కల్చర్లు ఒకటేనని చెప్పలేం.

ఏ జాతి అనేదాన్ని బట్టి అనుమానం పెరుగుతుంది, తగ్గుతుంది. గోర్డోనే వస్తే దాదాపు ఎప్పుడూ కొళాయి నీళ్లే. లెంటిఫ్లేవం కూడా నీళ్లలో దొరికేదే. కాన్సాసై గానీ, జుల్గై గానీ, మాల్మోయెన్సే గానీ ఒక్కసారి వచ్చినా ఊరికే వదలను. సిమియే మధ్యలో ఉంటుంది. చాలామందిలో జబ్బు చేయకుండా కూర్చుని ఉంటుంది, కానీ ఇట్లా సిలికా దుమ్ము తిన్న ఊపిరితిత్తిలో, పాత టీబీ కేవిటీలో నిజంగా జబ్బు చేస్తుంది. (1965లో దాన్ని మొదట కనిపెట్టింది మన దేశం నుంచి హంగరీకి పోయిన రీసస్ కోతుల్లో.) మన జిల్లాలో గ్రానైట్ కోత, పాలిషింగ్ పనివాళ్ల కేవిటీలను చూడగానే మళ్లీ టీబీ అని మందులు రాసేస్తాం. స్మియర్ పాజిటివ్, సీబీనాట్ నెగటివ్ అని రిపోర్టు చేతికి వచ్చినా అదే చేస్తే ల్యాబ్ శ్రమ దండగ.

శాంపిల్ విషయంలో మీరు గట్టిగా అడగాల్సినవి ఉన్నాయి. పొద్దున లేవగానే తీసిన లోతైన కఫం, వేర్వేరు రోజుల్లో కనీసం రెండు, మూడైతే మేలు. నోరు పుక్కిలించేది కాచి చల్లార్చిన నీళ్లతో, వార్డు కొళాయి నీళ్లతో కాదు. మన ఓవర్‌హెడ్ ట్యాంకుల్లో, పైపుల లోపలి జిగురులో ఎన్‌టీఎం స్థిరపడి ఉంటుంది, ఈ.కోలైని చంపే క్లోరిన్ దాన్ని ఏమీ చేయదు. బ్రాంకోస్కోప్ వాష్‌లో వస్తే చివరి రిన్స్ ఏ నీళ్లతో చేసినారో కనుక్కోండి. ఒకే వారంలో ముగ్గురి వాష్‌లో ఒకే జాతి వస్తే పేషెంట్లను కాదు, స్కోపును కల్చర్ చేయాలి.

మార్చి నుంచి జూన్ దాకా తాడిపత్రి, గుత్తి నుంచి కఫం బస్సు పార్సిల్‌లో వస్తే ఐస్ ప్యాక్ ఉన్న కోల్డ్ బాక్స్ తప్పనిసరి. 42 డిగ్రీల్లో నాలుగు గంటలుంటే నోటి బ్యాక్టీరియా ముంచెత్తుతుంది.

అనంత_బెంచ్

డాక్టరు గారు చెప్పిన వేడి సంగతికి కొనసాగింపు. శాంపిల్ పాడై వస్తే ల్యాబులో చేసే మొదటి పని సోడా గాఢత పెంచడం. అదే ఎన్‌టీఎంను చంపేది. నాల్క్-సోడాలో (కఫాన్ని కరిగించి మిగతా బ్యాక్టీరియాను చంపే ద్రావణం) చివరి గాఢత 1 శాతం, సమయం 15 నిమిషాలు, గడియారం చూసి. 15 కాగానే ఫాస్ఫేట్ బఫర్ పీహెచ్ 6.8 పోసి 50 మి.లీ. గీత దాకా నింపాలి. తర్వాత 3000 జీ మీద 15 నిమిషాలు. ఆర్‌పీఎం కాదు, జీ. మీ రోటర్ వ్యాసార్ధానికి లెక్క కట్టుకోండి. అబ్సెస్సస్, ఫోర్ట్యూయిటం లాంటి రాపిడ్ గ్రోయర్లు టీబీ కంటే సోడాకు త్వరగా చస్తాయి. 25 నిమిషాలు వదిలేస్తే స్మియర్ పాజిటివ్, కల్చర్ నెగటివ్ అని వస్తుంది, తప్పు మాత్రం ఎవరికీ కనపడదు. మరీ చెడిపోయిన శాంపిల్‌ను కాపాడబోవద్దు, ఇంకోటి అడగండి.

కర్నూలు_కల్చర్

అప్‌డేట్. 7హెచ్11 మీద ఒకే రకం కాలనీలు. పలచన చేసిన సెట్‌లో 37 డిగ్రీల్లో 12వ రోజుకు విడి కాలనీలు, 42లో ఏమీ లేదు. ఫాయిల్ ట్యూబు మీగడ రంగు, గంట వెలుతురు పెట్టినదానిలో మార్పు లేదు, ఎక్కువసేపు పెట్టిన దానిలో పసుపు వచ్చింది. బీడ్లతో మళ్లీ చేసిన మాల్డీ 1.94, సిమియే. 16ఎస్, హెచ్‌ఎస్‌పీ65 రెండూ సిమియే టైప్ స్ట్రెయిన్‌తో కలిసినాయి, షెర్రిసై కాదు. రెండో కఫం కూడా పెరిగింది, దాని హెచ్‌ఎస్‌పీ65 అదే. ఇప్పుడు మందుల సెన్సిటివిటీ ఏమేం పెట్టాలి? ఎంజీఐటీలో టీబీ మందుల కిట్ ఉంది, అదే వాడొచ్చా?

హెచ్‌ఎస్‌పీ_కడప

వాడొద్దు. ఆ కిట్ గాఢతలు టీబీకి కట్టినవి, ఎన్‌టీఎం మీద వాటికి అర్థం లేదు. సిమియే సాధారణంగా ఐసోనయాజిడ్, రిఫాంపిసిన్, ఎథాంబుటాల్ మూడింటికీ రెసిస్టెంటే. కావాల్సింది సీఎల్‌ఎస్‌ఐ ఎం24 (ల్యాబ్ ప్రమాణాల పత్రం) ప్రకారం బ్రాత్ మైక్రోడైల్యూషన్: కేటయాన్ సరిచేసిన ముల్లర్-హింటన్ బ్రాత్, అందులో 5 శాతం ఓఏడీసీ (పోషకాల మిశ్రమం). క్లారిత్రోమైసిన్, అమికాసిన్, మాక్సిఫ్లాక్ససిన్, లినెజోలిడ్, కోట్రైమాక్సజోల్ అడగండి. మీ దగ్గర ప్లేట్లు లేకపోతే టీబీ సంస్థలైన బెంగళూరు ఎన్‌టీఐకి గానీ చెన్నై ఎన్‌ఐఆర్‌టీకి గానీ ముందు ఫోన్ చేసి, తీసుకుంటారో లేదో కనుక్కుని పంపండి. ఎల్‌జే స్లాంట్ మీద తాజా కల్చర్, స్క్రూ మూత, పైన పారాఫిల్మ్, మూడు పొరల ప్యాకింగ్. కల్చర్‌కు ఐస్ అక్కర్లేదు. రెండు ఐసోలేట్లనూ గ్లిజరాల్‌లో మైనస్ 70లో దాచి పెట్టండి, మందులు మొదలైనాక మళ్లీ పాజిటివ్ వస్తే పాతదానితో పోల్చాల్సి వస్తుంది.

ఛాతీ_డాక్టర్_అనంతపురం

ఒకటి మాత్రం మీ డాక్టరు గారికి చెప్పండి. సిమియేలో ఎంఐసీ (క్రిమిని ఆపే కనీస మందు గాఢత) నంబర్లకూ పేషెంటు కోలుకోవడానికీ పొంతన గట్టిగా ఉండదు. "సెన్సిటివ్" అని ఉన్న మందును ఒక్కదాన్నే ఎప్పుడూ ఇవ్వకూడదు, క్లారిత్రోమైసిన్, అజిత్రోమైసిన్‌ల విషయంలో అయితే అసలే వద్దు. చికిత్స మొదలుపెడితే నెలకో కఫం కల్చర్ మీ ల్యాబుకే వస్తుంది. కల్చర్ నెగటివ్ అయినాక ఇంకో 12 నెలలు నడుస్తుంది. ఆ కల్చర్లన్నిటికీ 42 రోజులు పూర్తిగా ఆగండి, మధ్యలో మూసేయొద్దు.